పడమటి చలనచిత్రములలోని ప్రవేశదరువులు



వ్యాకరణమును ప్రబంధములను బోధించుచు ముప్పది యేండ్లకు మించి బడిలో గడపినవానికి దొరల సినిమా వాద్యములతో నేమి పని యని మీలో కొందఱు తలపవచ్చును. మా యింటివారును ఆ మాటయే యనిరి. అయినను పాత్రము రంగస్థలముమీదికి రాకమునుపే దాని స్వభావమును వాద్యముచేత సభవారికి ఎఱిగించుట శాస్త్రవిషయము. శాస్త్రవిషయ మెచ్చట కనబడినను, అది కాళ్ళకు గజ్జెలు కట్టుకొని వచ్చినను, తలకు టోపీ పెట్టుకొని వచ్చినను, విచారింపదగినదే.

ముందు వస్తువును తెలిసికొందము. ప్రసిద్ధమైన ప్రతి చలనచిత్రమునకును ఒక ముఖ్యమైన స్వరపంక్తి యుండును. చిత్రారంభమున పేర్లు చూపునప్పుడు అది వినబడును. నాయకుడు గుఱ్ఱమెక్కి వచ్చునప్పుడు మరల వినబడును. అతడు గాయపడి యొంటిగా కూర్చున్నప్పుడు అదియే విలంబముగా, ఒక్క తంత్రిమీద సన్నగా వినబడును. కథను మఱచినవారు సైతము ఆ స్వరములను మఱవరు. ఇంగ్లీషువారు దీనిని థీమ్ మ్యూజిక్ అందురు. నేను ప్రవేశదరువు అందును.

భరతముని నాట్యశాస్త్రమున ధ్రువాగానమను ప్రకరణము కలదు. ధ్రువలు ఐదు విధములు. పాత్రము ప్రవేశించునప్పుడు పాడునది ప్రావేశికి. నిష్క్రమించునప్పుడు పాడునది నైష్క్రామికి. నడచుచున్న రసమును త్రోసి వేఱొక రసమును తెచ్చునది ఆక్షేపికి. కలతపడిన సభవారి మనస్సును తేటపఱచునది ప్రాసాదికి. నటుడు మూర్ఛిల్లినప్పుడో వస్త్రము సవరించుకొనునప్పుడో ఆ సందును కప్పిపుచ్చునది ఆంతర. సినిమావారి వాద్యగోష్ఠి చేయు పనులన్నియు ఈ యైదింటిలో ఇమిడియున్నవి. ఐదవదియు ఉన్నది. కథ అతుకు సరిగా పడని చోట వాద్యములను హెచ్చుగా మ్రోగించి కప్పివేయు విద్య మన చిత్రములందును వారి చిత్రములందును సమానమే.

శాస్త్రము చదువని వీధినాటకములవారికిని ఈ మర్మము తెలియును. భామాకలాపమున సత్యభామ తెఱవెనుక నిలిచి, జడను తెఱమీదుగా వైచి, తన దరువు నడచుచుండగా సభలోనికి వచ్చును. ఆమె నడక వేఱు, మాధవి నడక వేఱు. మన పల్లెలలో తోలుబొమ్మలాట ఆడునాడు తెఱమీద బొమ్మ కనబడకమునుపే, మద్దెల దెబ్బనుబట్టి వచ్చువాడు రావణుడో, ఆంజనేయుడో, జుట్టుపోలిగాడో అరుగుమీద కన్నులు మూసికొని కూర్చున్న ముసలివారు చెప్పెడివారు.

ఈ ప్రదర్శనములు వినోదమునకు మాత్రమే యనుకొనరాదు. మన కడప మండలమునకు చెందిన మాచుపల్లె కైఫియతునందు ఒక కథ కలదు. సిద్ధవటపు సీమను ఏలుచున్న సమ్మెట గుఱవరాజు ధనము రాబట్టుటకై స్త్రీలను మిక్కిలి క్రూరముగా హింసింపజేయుచుండెనట. అది కన్నులార చూచిన కూచిపూడి భాగవతులు విద్యానగరమునకు పోయి, వీరనరసింహరాయల కొలువున ఆడవలసివచ్చినప్పుడు, ఆ హింసనే వేషములు కట్టి చూపిరి. రాయలు విచారించి, సేనను పంపి, గుఱవరాజును పట్టించి దండించెను. ఇది పదునాఱవ శతాబ్దపు తొలి యేండ్ల నాటి మాట. కైఫియతు వలన మనకు మాట మిగిలినది. ఆనాటి మద్దెల మిగులలేదు. ఈ సంగతిని జ్ఞాపకమందుంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

ఇక పాశ్చాత్యుల సంగతి. వారిలో ఈ పద్ధతిని గట్టిగా నెలకొల్పినవాడు జర్మనీదేశపు రిచర్డ్ వాగ్నర్. 1876లో బైరాయిట్ అను ఊర నాలుగు దినములు నడచిన ఆయన గేయనాటకమున ఒక్కొక్క పాత్రకును, పాత్రలకే కాదు, ఒక కత్తికిని ఒక ఉంగరమునకును గూడ, వేఱువేఱు స్వరపంక్తులు కలవు. కత్తి కనబడకపోయినను దాని స్వరము వినబడినచో దానిని గూర్చి యెవరో తలంచుచున్నారని సభవారు గ్రహింతురు. మూగచిత్రముల కాలమున తెఱప్రక్కన కూర్చుండి వాయించువారు ఉండిరి; అచ్చట పియానో, మన దేశమున హార్మోనియము తబలా. చిత్రమునకు మాట వచ్చిన తొలిదినములలో, ఇద్దఱు మాటలాడుకొనుచుండగా వాద్య మెక్కడినుండి వచ్చుచున్నదని జనులు శంకింతురేమో యని నిర్మాతలు వెనుకాడిరట. వియన్నాలో 1888లో పుట్టి అమెరికా చేరిన మాక్స్ స్టైనర్ 1933లో 'కింగ్ కాంగ్' అను చిత్రమునకు నిండుగా వాద్యము కూర్చి ఆ శంకను తీర్చెను. 1939 నాటి 'గాన్ విత్ ది విండ్' అను చిత్రమున ఆయన ముఖ్యస్వరమును మనుష్యులకు గాక ఒక పొలమునకును ఇంటికిని ఇచ్చెను. ఆ భూవసతి పేరు టారా. మట్టికిని ఒక రాగము కలదనుట మెట్టసేద్యము నమ్ముకొన్న మనకు వింత కాదు.

1949లో 'ది థర్డ్ మాన్' అను ఇంగ్లీషు చిత్రము వచ్చినది. దర్శకుడు కారల్ రీడ్ యుద్ధముచేత పాడుపడిన వియన్నా నగరమున ద్రాక్షసారాయి అంగడిలో జిథర్ వాయించు ఆంటన్ కారాస్ అనువానిని విని, చిత్రమంతటికిని అతని వాద్యమునే వాడెను. జిథర్ మన స్వరమండలము వంటిది. నూఱు వాద్యముల గోష్ఠి చేయు పనిని ఆ యొక్క వాద్యము చేసినది. అంతవఱకు ఎవరెఱుగని కారాస్ పేరు ఒక్క యేటిలో దేశదేశములకు ప్రాకినది.

1957లో వచ్చిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' చిత్రమును సింహళదేశమున కితుల్‌గల యొద్ద తీసిరి. ఓడిపోయిన ఆంగ్లసైనికులు చినిగిన బట్టలతో, అరిగిన బూట్లతో, జపానువారి చెఱలోనికి వరుసగా నడచుచు ఒక పాటను ఈలవేయుచు వత్తురు. అది 1914లో పుట్టిన సైన్యపు నడకపాట. వారు చెఱలోనికే పోవుచున్నారు గాని వారి ఈల చెఱకు లొంగలేదు. బడిలో ఈల వేసిన పిల్లలను నేను బల్లయెక్కించి నిలబెట్టినవాడను. అయినను ఈ ఈలను కాదనలేను.

ఇప్పుడు 'పడమటి చిత్రములు' అను పేరునకు తగిన చిత్రములను చెప్పెదను. అమెరికాదేశమున పడమటి సీమ యొకటి కలదు. ఎండిన నేల, ఎఱ్ఱని కొండలు, పశువుల మందలు, తుపాకులు, దోపిడిగాండ్రు, వారిని పట్టు అధికారులు. ఆ సీమ కథలకు 'వెస్టర్న్' అని పేరు. మన పాలెగాండ్ర కథలు వినినవారికి అవి బొత్తిగా పరాయివిగా తోపవు. 1847లో కోవెలకుంట్లయొద్ద ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని గూర్చి యాచకులు పాడిన పదములను తాతలనోట వినినవారు మీలో నుందురు. ఆ పదముల ఎత్తుగడ వినబడగానే గుఱ్ఱము కన్నులకు కట్టును గదా! అమెరికావారును ఆ పనియే చేసిరి.

1952 నాటి 'హై నూన్' అను చిత్రమున కథయంతయు ఒక్క పూటలో నడచును. పగతీర్చుకొన వచ్చు దొంగ మధ్యాహ్నపు రైలులో దిగనున్నాడు. ఊరి రక్షకాధికారి సాయము వేడగా ఊరివారందఱు తలుపులు మూసికొందురు. ఆరంభమున ఒక గాయకుడు పాడిన పాటయే, నడుమనడుమ పల్లవిగా, అతని గుండెచప్పుడువలె తిరిగి తిరిగి వచ్చును. స్వరకర్త దిమిత్రీ త్యోమ్కిన్ ఉక్రెయిన్‌లో పుట్టినవాడు. అమెరికా పడమటి సీమకు దిక్కుదిక్కునుండి వచ్చినవారే స్వరము లిచ్చిరి. 1960లో 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్' చిత్రమునకు ఎల్మర్ బెర్న్‌స్టైన్ కూర్చినది గుఱ్ఱపు దౌడు లయతో పోవును. ఆ కథ జపాను దర్శకుడు కురోసావా 1954లో తీసిన 'సెవెన్ సమురాయ్' నుండి తెచ్చుకొన్నది.

ఈ మార్గమున అందఱికంటె నాకు గొప్పవాడుగా తోచినవాడు ఎన్నియో మోరికోనే. ఆయన 1928లో రోమునగరమున పుట్టెను. తండ్రి బూరవాద్యకారుడు, కుమారుడును బూరయే నేర్చి, సాంతా చెచీలియా సంగీతవిద్యాలయమున శాస్త్రము చదివెను. బాల్యమున బడిలో తనతో చదివిన సెర్జియో లియోనే పెద్దవాడై దర్శకుడు కాగా, 1964, 1965, 1966 సంవత్సరములలో వరుసగా వచ్చిన మూడు చిత్రములకు ఆయన వాద్యము కూర్చెను. ఇటలీవారు అమెరికా కథలను స్పెయిన్ దేశపు మెట్టభూములలో తీసిన చిత్రము లివి. ధనము తక్కువ. పెద్ద వాద్యగోష్ఠిని పిలుచుటకు వీలులేనప్పుడు మోరికోనే ఏమి చేసెను? ఈలను తెచ్చెను. కొరడా చప్పుడును, గంటను, తుపాకి ప్రేలుడును, అర్థములేని కంఠధ్వనులను తెచ్చి స్వరములనడుమ కూర్చెను. మన తోలుబొమ్మలవారు యుద్ధఘట్టమున కాలిక్రింద బల్లచెక్కలను త్రొక్కి టకటక మనిపింతురు. ఆ చప్పుడు వినినవారికి మోరికోనే విద్య వెంటనే బోధపడును. పేదఱికము కళకు హాని చేయునని యందఱు ననుచుందురు గాని ఇక్కడ అది మేలు చేసినది.

ఆ మూడింటిలో కడపటిదైన 'ది గుడ్, ది బాడ్ అండ్ ది అగ్లీ' చిత్రపు స్వరము లోకమెల్ల ఎఱిగినదే. రెండే స్వరములు మాటిమాటికి త్వరగా మాఱుచు మ్రోగును. అది అమెరికాలో కయోటీ యను నక్కవంటి జంతువు ఊళ. కథలో ముఖ్యపురుషులు ముగ్గురు. ఊళ ఒక్కటే, దానిని పలుకునది మాత్రము వేఱు. మంచివాడని పేరుపడినవానికి పిల్లనగ్రోవి, దుష్టునకు ఒకరినా యను మట్టివాద్యము, మూడవవానికి మనుష్యకంఠములు. ముగ్గురును ఒకే బంగారమునకై పోవుచున్నారు కావున ముగ్గురికిని స్వరము ఒక్కటే. గుణములు వేఱు కావున వాద్యములు వేఱు. ఇంత చిన్న యుక్తిలో ఇంత అర్థమును ఇమిడ్చుట శ్లేషకవులకు గాని చేతకాదు.

1968 నాటి 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' చిత్రమునకు మోరికోనే ముందుగానే వాద్యము కూర్చి యియ్యగా, లియోనే దానిని మ్రోయించుచు నటులచేత నటింపజేసెను. అనగా దరువు ముందు, పాత్రము తరువాత. అచ్చముగ మన పద్ధతి. అందు నాయకుడు మాటలాడవలసిన చోటనెల్ల మౌత్ ఆర్గాన్ ఊదును. ఆ బాధాకరమైన స్వర మేల ఊదుచున్నాడో చిత్రాంతమువఱకు తెలియదు. తెలిసినప్పుడు సభ నిశ్శబ్దమగును. ఈ మహానుభావుడు 2007లో గౌరవపురస్కారముగా నొక ఆస్కారును, 2016లో 'ది హేట్‌ఫుల్ ఎయిట్' చిత్రమునకు మఱియొకదానిని పొంది, 2020లో తొంబదియొక్క యేట స్వర్గస్థుడయ్యెను.

మన దేశమున ఈ జాతి చిత్రములలో జనులు విరగబడి చూచినది 1969 నాటి 'మెకెన్నాస్ గోల్డ్'. కైఫియతులు సేకరింపించిన మెకంజీదొరకును ఈ మెకెన్నాకును సంబంధమేమియు లేదు. ఒకడు ఊరూర కథలు వెదకించెను, ఒకడు లోయలోయ బంగారము వెదకెను. దీనికి వాద్యము కూర్చినవాడు క్విన్సీ జోన్స్. రాబందును గూర్చిన ఆరంభగీతమును పాడినవాడు హొసే ఫెలిసియానో యను అంధగాయకుడు. నిర్మాతలలో నొకడు ఇంతకుముందు చెప్పిన త్యోమ్కినే. చిన్నతనమున నేనును దీనిని డేరా టాకీసులో నేలమీద కూర్చుండి చూచితిని. ఇంగ్లీషు మాట యొక్కటియు అందలేదు. ఎఱ్ఱని లోయ, పైన రాబందు, ఆ గొంతు, ఇవి మాత్రము అందినవి. నా ప్రక్కన కూర్చున్న గొఱ్ఱెలకాపరి 'ఇది మన గండే కదా అబ్బోడా!' అనెను.

వాని మాటలో తప్పులేదు. మా గండికోటలో పెన్న ఎఱ్ఱమలకొండలను నిలువున కోసికొని పాఱుచున్నది. ఇరుప్రక్కల పేర్చిన గ్రంథములవలె ఎఱ్ఱని రాతిదొంతరలు. గట్టుమీద కోట, మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యపుకొట్టు. పెమ్మసానివారు ఏలినదియు, 1652లో టావెర్నియే యను పరాసు వర్తకుడు వచ్చి మీర్ జుమ్లాను దర్శించినదియు ఇచ్చటనే. ఈ పేరుతోనే 1969లో 'గండికోట రహస్యము' అను జానపదచిత్రమును విఠలాచార్య తీయగా టి. వి. రాజు సంగీతము కూర్చెను. అది కల్పితకథ; మన కోట చరిత్రను అందు వెదకరాదు.

తెలుగువారు ఆ పడమటి టోపీని తలకు పెట్టుకొన్నది 1971లో. పద్మాలయావారి 'మోసగాళ్ళకు మోసగాడు' చిత్రమున కృష్ణ నాయకుడు, కె. ఎస్. ఆర్. దాస్ దర్శకుడు, రచన ఆరుద్ర. రాజస్థానపు ఎడారులకు పోయి తీసిరి. వాద్యము కూర్చినవాడు పి. ఆదినారాయణరావు. 'అనార్కలి', 'సువర్ణసుందరి' చిత్రములకు రాగములను తేనెవలె పిండినవాడు గుఱ్ఱపుడెక్కలకును తుపాకులకును స్వరము కూర్చవలసివచ్చెను. ఆ తరువాత 1990లో 'కొదమసింహము', 2002లో 'టక్కరిదొంగ' ఆ దారినే నడచినవి. హిందీలో 1975 నాటి 'షోలే' చిత్రమున మౌత్ ఆర్గాన్ సన్నగా మ్రోగినప్పుడెల్ల ఇటలీవారి గాలి వీచుచునే యుండును.

పరాయి స్వరమును తెచ్చుకొనుట దోషమా యని అడుగుదురేమో. కాదు. ముత్తుస్వామి దీక్షితులవారు దొరల బ్యాండు స్వరములకు సంస్కృతసాహిత్యము కూర్చిరి. ఆంగ్లరాజుయొక్క స్తోత్రగీతపు వరుసయు అందు కలదు. వానికి నోటుస్వరములని పేరు; ఆ పేరే ఇది దొరలనుండి తెచ్చుకొన్నదని ఒప్పుకొనుచున్నది. వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఫిడేలు నేర్చెను. నేడు ఫిడేలు లేని కచేరి కలదా? ఎదురుగా చూచినచో, ఆకాశవాణి తెఱచునప్పుడు మీరు వినునట్టి గుర్తువాద్యమును 1936లో కూర్చినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అను యూదుడని ప్రసిద్ధి. ఐరోపానుండి 1934లో బొంబాయి చేరిన యాతడు మన శివరంజని ఛాయలో దానిని కట్టెను. ఇట్టి యిచ్చిపుచ్చుకొనుట మర్యాద. కూర్చినవాని పేరు చెప్పక స్వరమును ఎత్తుకొనిపోయి తనదని చెప్పుకొనుట మాత్రము దొంగతనము. మన చిత్రములలో అదియు కొల్లలుగా జరిగినది.

ఇప్పుడు గండికోటకు దూరదేశములనుండి యువకులు వత్తురు. దీనిని భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అందురు. లోయయంచున నిలిచి ఫోనులో చిత్రము తీసికొందురు, దానికి మోరికోనే ఈలను జతపఱుతురు. నేను కోపింపను. ఆ ఈల ఎఱ్ఱని రాతికి ఒప్పుచున్నది. వారికి మఱియొకటి తెలియదు, తెలియజేసినవారు లేరు. మోరికోనే స్వరములు కాగితముమీద నున్నవి, యంత్రముల మీద నున్నవి. ఆయన పోయినను అవి పోలేదు. మన వీధినాటకపు దరువులు నోటిలోను చేతిలోను మాత్రమే యున్నవి. మద్దెల వాయించువాడు పోయినప్పుడు ఒక రాక్షసుడో, ఒక రాజో, ఒక అంగదుడో ఆతనితో కూడ పోవుచున్నాడు. ఊరి జాతరకు నేడు డబ్బాపాటలవారిని పిలుతురు గాని తోలుబొమ్మలవారిని పిలువరు. పిలువనందున కుమారులు నేర్వరు, నేర్వనందున పిలువరు.

గడచిన రెండేండ్లుగా ఒక వృద్ధ తోలుబొమ్మలాటగానిని మా యింటికి రప్పించుకొని, ఆతడు వాయించుచుండగా దరువులను జతులతోను స్వరములతోను ఒక పుస్తకమున వ్రాసికొనుచున్నాను. పాఠశాల పిల్లలిద్దఱు ఫోనులో శబ్దమును పట్టుచున్నారు. ఇప్పటికి పదునేడు వచ్చినవి. శ్రీరాముని ప్రవేశము సులభముగా వచ్చినది. ఆంజనేయునకు మూడున్నవి, సముద్రలంఘనమునకు ముందొకటి, లంకలో నొకటి, తిరిగి వచ్చునప్పుడొకటి. మోరికోనే ముగ్గురు పురుషులకు ఒక స్వరమును మూడు వాద్యములతో పలికించెనని చెప్పితిని గదా. ఈ నిరక్షరాస్యుడు ఒక్క పాత్రమునకు మూడు నడకలను ఒక్క మద్దెలమీదనే చూపుచున్నాడు. బంగారక్క దరువునకు పిల్లలు నవ్వి నవ్వి ఫోను క్రింద పడవేసిరి. అది మరల పట్టవలసియున్నది.

రావణునిది మాత్రము ఇంకను కాలేదు. అందు ఆది తాళము నడుమ ఒక దెబ్బ లెక్కకు అందక జాఱిపోవుచున్నది. నా గుర్తులలో అది యిముడుట లేదు. వ్రాయుచోట నాలుగుమాఱులు కొట్టివేసితిని. ఆతడు చేతిని చూపి, 'అది చెయ్యి చెప్పల్ల సామీ, కాయితం చెప్పదు' అనెను. బల్లచెక్కలు లేకుండ అది పలుకదట. చెక్కలు ఆతని అల్లునియొద్ద మైదుకూరు దగ్గఱ పల్లెలో నున్నవి. శనగకోతలు కాగానే వానిని మోపించుకొని వత్తునని చెప్పిపోయినాడు.